లారీ డ్రైవరు నిద్రకూ ఒక లెక్క



హోసూరు నుంచి కృష్ణగిరి వైపు పోయే పెద్ద రోడ్డుకు కూతవేటు దూరంలో మా బడి ఉంది. తరగతిలో నేను తెలుగు పాఠం చెబుతూ ఉంటే కిటికీ అవతల లారీలు పోతూనే ఉంటాయి. మా పిల్లల్లో చాలామంది తండ్రులకు ఆ లారీలే జీవనాధారం. "మీ నాయన ఎప్పుడొస్తాడురా?" అని అడిగితే, "లోడు దిగితే వస్తాడు సార్" అంటారు. తేదీ చెప్పరు, వారం చెప్పరు. వాళ్ల ఇళ్లలో కాలాన్ని కొలిచేది క్యాలెండరు కాదు, లోడు.

ఈనాటి మన విషయం వాహనాలు నడిపేవారి పనిగంటలు, విశ్రాంతి, వాటిని నమోదు చేసే పద్ధతి. వినడానికి ఇది ఆఫీసు గుమాస్తాల వ్యవహారంలా ఉంటుంది. నాకూ ఒకప్పుడు అలాగే ఉండేది. ఒక సంఘటన తరువాత ఆ అభిప్రాయం మారింది. ముందు దాన్ని చెప్పి, ఆ తరువాత అసలు విషయానికి వస్తాను.

టోల్ గేట్ల దగ్గర డబ్బు కట్టి కాగితం చీటీ తీసుకునే రోజులవి. ఒక సాయంకాలం మా బడిలో చదివే ఒక అమ్మాయి తల్లి చేతిలో కాగితం పట్టుకుని వచ్చింది. "అయ్యోరా, ఇందులో ఏముందో చదివి చెప్పండి. ఇంగ్లీషులో ఉంది" అంది. ఆమె భర్త లారీ డ్రైవరు. పుణె నుంచి హోసూరుకు యంత్ర సామాను వేసుకొస్తూ, చిత్రదుర్గ దగ్గర రోడ్డు పక్కన ఆగి ఉన్న మరో లారీని వెనకనుంచి గుద్దాడు. కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ కాగితం అతను పనిచేసే రవాణా సంస్థ పంపినది. అందులో రాసింది ఇది: 'డ్రైవరుకు బెళగావిలో రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు పూర్తి విశ్రాంతి ఇచ్చాము. ప్రమాదం అతని అజాగ్రత్త వల్లనే జరిగింది. నష్టాన్ని అతని జీతంలోంచి మినహాయించుకుంటాము.' దానికి జతగా ట్రిప్ షీటు నకలు ఒకటి ఉంది. అందులో 8 గంటల విశ్రాంతి అందమైన చేతిరాతతో రాసి ఉంది. కింద డ్రైవరు సంతకం.

"ఇది మీ ఆయన సంతకమేనా?" అని అడిగాను. "ఆయనదే అయ్యోరా. నెల మొదట్లో ఖాళీ కాగితాల మీద పెట్టించుకుంటారు" అంది ఆమె.

ఆ కథ చివర ఏమైందో తరువాత చెబుతాను. ఇప్పుడు ఒక ప్రశ్న. ఒక మనిషి ఎప్పుడు నడిపాడు, ఎప్పుడు నిద్రపోయాడు అన్న సంగతి యజమాని చేతిలోనూ, గుమాస్తా చేతిలోనూ, డ్రైవరు చేతిలోనూ కాకుండా, బండే రాస్తే ఎలా ఉంటుంది? ఐరోపా దేశాలు ఈ ప్రశ్నకు యాభై ఏళ్ల కిందటే ఒక జవాబు వెతుక్కున్నాయి. ఆ జవాబు పేరే టాకోగ్రాఫ్.

టాకోగ్రాఫ్ అంటే వేగాన్ని, కాలాన్ని కలిపి నమోదు చేసే యంత్రం. పాత తరహా యంత్రంలో మైనం పూత పూసిన గుండ్రటి కాగితపు బిళ్ల ఒకటి ఉంటుంది. అరచేయంత ఉంటుంది. దాని అంచు చుట్టూ గడియారంలాగా గంటలు అచ్చువేసి ఉంటాయి, అయితే 12 కాదు, 24. రోజు మొదట్లో డ్రైవరు ఆ బిళ్ల మధ్య తన పేరు, తేదీ, బయలుదేరిన ఊరు, బండి నంబరు, కిలోమీటర్ల మీటరు అంకె రాసి యంత్రంలో పెడతాడు. బిళ్ల 24 గంటలకు ఒక చుట్టు తిరుగుతుంది. గేర్‌బాక్సుకు కలిపిన తీగ చక్రాల కదలికను యంత్రానికి చేరవేస్తుంది. సన్నని సూదులు మైనాన్ని గీరుతూ పోతాయి. ఒక సూది వేగాన్ని గీస్తుంది. ఒకటి డ్రైవరు చేస్తున్న పనిని గీస్తుంది. మూడోది దూరాన్ని గీస్తుంది. ఈ సూది 5 కిలోమీటర్లకు ఒకసారి పైకి, మరో 5 కిలోమీటర్లకు కిందికి పోతుంది. అందువల్ల రోజు చివర కొండ శిఖరాల వరుసలాంటి గీత మిగులుతుంది. శిఖరాలు లెక్కపెడితే దూరం తెలుస్తుంది.

పనిని గుర్తించడానికి నాలుగు బొమ్మలు ఉంటాయి. స్టీరింగ్ చక్రం బొమ్మ ఉంటే నడుపుతున్నాడని. ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టిన రెండు సుత్తులుంటే లోడు ఎక్కించడం, బండి బాగుచేయడం వంటి ఇతర పని. ఏటవాలు గీత ఉన్న చతురస్రం అంటే పిలిస్తే పలికేలా సిద్ధంగా ఉన్నాడని. మంచం బొమ్మ అంటే విశ్రాంతి. చదువు రానివాడికైనా, ఏ భాష వాడికైనా ఈ బొమ్మలు అర్థమవుతాయి.

2006 మే నుంచి అక్కడి కొత్త బండ్లలో కాగితపు బిళ్ల పోయి డిజిటల్ యంత్రం వచ్చింది. ఇందులో ప్రతి డ్రైవరుకూ తన సొంత కార్డు ఉంటుంది. ఏ బండి ఎక్కినా అదే కార్డు పెట్టాలి. ఒకరి కార్డు ఇంకొకరు వాడకూడదు. 2019 జూన్ నుంచి వచ్చిన యంత్రాలు ఉపగ్రహాల సహాయంతో బండి ఎక్కడ బయలుదేరింది, ఎక్కడ ఆగింది అన్నది కూడా నమోదు చేస్తాయి. తనిఖీ అధికారి రోడ్డు మీద ఆపినప్పుడు డ్రైవరు ఆనాటి లెక్కతో పాటు వెనకటి రోజుల లెక్క కూడా చూపాలి. అంతకుముందు ఇది 28 రోజులుండేది. 2024 డిసెంబరు 31 నుంచి 56 రోజులయింది. సంస్థ ఈ రికార్డులను కనీసం ఒక ఏడాది భద్రపరచాలి.

ఇంతకూ ఆ లెక్కలో ఏముండాలి? ఐరోపా సమాఖ్య 2006లో చేసిన నియమాలు ఇప్పటికీ దీనికి ఆధారం. సాధారణంగా మూడున్నర టన్నులు దాటిన సరుకు బండ్లకు, డ్రైవరుతో కలిపి తొమ్మిదిమందికి మించి పట్టే బస్సులకు ఇవి వర్తిస్తాయి. నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు తప్పనిసరిగా ఆగాలి. రోజుకు 9 గంటలే నడపాలి, వారంలో రెండు రోజులు మాత్రం 10 గంటల వరకు పోవచ్చు. వారం మొత్తం మీద 56 గంటలు మించకూడదు. వరుసగా రెండు వారాలు కలిపితే 90 గంటలు మించకూడదు. అంటే ఒక వారం 56 గంటలూ నడిపినవాడికి రెండో వారం మిగిలేవి 34 గంటలే. రోజుకు 11 గంటల విశ్రాంతి ఉండాలి, కొన్ని రోజులు దాన్ని 9 గంటలకు తగ్గించుకోవచ్చు. వారానికి ఒకసారి 45 గంటల నిండు విశ్రాంతి. దాన్ని కూడా కొన్ని షరతుల మీద తగ్గించుకోవచ్చు. కానీ 45 గంటల విశ్రాంతిని బండిలో పడుకుని గడపకూడదు.

పిల్లలకు ఇచ్చే లెక్క ఒకటి మీకూ ఇస్తాను. ఒక డ్రైవరు ఉదయం 6 గంటలకు బయలుదేరి 8 గంటల దాకా నడిపాడు. 15 నిమిషాలు ఆగి టీ తాగాడు. 8 గంటల 15 నిమిషాలకు మళ్లీ కదిలాడు. ఎప్పుడు ఆగాలి? మొదట నడిపింది 2 గంటలు. మిగిలింది రెండున్నర గంటలు. కాబట్టి 10 గంటల 45 నిమిషాలకు ఆగాలి. అప్పుడు 30 నిమిషాలు ఆగితే చాలు, ఎందుకంటే 45 నిమిషాల విరామాన్ని 15, 30గా విడగొట్టుకోవచ్చు. అయితే వరుస మారకూడదు. ముందు 30, తరువాత 15 అంటే చెల్లదు. ఎందుకంటే అలసట పెరిగేకొద్దీ విశ్రాంతి కూడా పెద్దది కావాలి. చట్టం చేసినవారు మనిషి ఒంటిని ఎంత దగ్గరగా చూశారో ఈ చిన్న నియమంలో కనిపిస్తుంది.

ఇంకో నియమం కూడా గమనించదగినది. దారిలో అనుకోని ఆపద వచ్చి, సురక్షితంగా ఆగే చోటు దొరకక, గంటలు దాటిపోయాయనుకోండి. డ్రైవరును వెంటనే దోషి అనరు. భద్రమైన చోటికి చేరిన వెంటనే, ఎందుకు దాటిపోయిందో తన చేతితో ఆ బిళ్ల మీదనో, యంత్రం అచ్చువేసిన కాగితం మీదనో రాయాలి. యంత్రం ఎంత జరిగిందో చెబుతుంది. ఎందుకు జరిగిందో చెప్పే హక్కు మనిషికి మిగిల్చారు.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం యజమానికి సంబంధించినది. ఎక్కువ దూరం నడిపితే ఎక్కువ డబ్బు, తొందరగా చేరిస్తే బహుమతి అన్న పద్ధతి రోడ్డు భద్రతకు ముప్పు తెచ్చేదైతే అలాంటి చెల్లింపు కూడదని చట్టం చెప్పింది. డ్రైవరు చేసిన తప్పుకు సంస్థ కూడా బాధ్యురాలు అవుతుంది. మన లారీల్లో బత్తా ఎలా లెక్కకడతారో తెలిసినవారికి ఈ మాట విలువ అర్థమవుతుంది.

ఈ పద్ధతి అక్కడ నల్లేరు మీద బండిలా నడవలేదు. ఈ యంత్రాన్ని తప్పనిసరి చేస్తూ 1970లోనే ఉమ్మడి నిబంధన వచ్చింది. 1973లో ఆ కూటమిలో చేరిన బ్రిటన్ దాన్ని అమలు చేయలేదు. 'ఇది బండిలో కూర్చోబెట్టిన గూఢచారి' అని అక్కడి డ్రైవర్లు వ్యతిరేకించారు. చివరకు 1979 ఫిబ్రవరిలో ఐరోపా న్యాయస్థానం బ్రిటన్ తప్పు చేసిందని తీర్పు చెప్పింది. ఆ తరువాతనే అక్కడ ఈ యంత్రం తప్పనిసరి అయింది. మోసాలూ లేకపోలేదు. గేర్‌బాక్సు దగ్గరి పరికరానికి అయస్కాంతం అంటించి, బండి పరుగెత్తుతున్నా ఆగి ఉన్నట్టు చూపించినవారున్నారు. ఇంకొకరి కార్డు పెట్టి రెండో మనిషి నడుపుతున్నట్టు చూపించినవారూ ఉన్నారు. అందుకే కొత్త యంత్రాలు కదలికను రెండు మూడు దారుల్లో సరిచూసుకుంటాయి. అయినా డ్రైవర్లను గూఢచారి అన్నమాట గురించి ఆలోచించాలి. ఆ గూఢచారి ఎవరి పక్షాన సాక్ష్యం చెబుతాడు? రాత్రంతా నడపమని ఒత్తిడి చేసిన యజమాని మీద కూడా చెబుతాడు కదా!

ఇక నిద్ర సంగతి. రాత్రి 2 గంటల నుంచి ఉదయం 6 గంటల మధ్య, మళ్లీ మధ్యాహ్నం భోజనం తరువాత మన ఒంటికి సహజంగానే మత్తు కమ్ముతుంది. అలసిన మనిషికి కళ్లు తెరిచి ఉన్నట్టే ఉండి, మెదడు కొన్ని క్షణాలు నిద్రలోకి జారుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. నాలుగు సెకన్ల కునుకు పడితే బండి 65 మీటర్లకు పైగా దానంతట అది పోతుంది. టీ తాగినా, ముఖం కడుక్కున్నా, పాటలు పెట్టుకున్నా ఆ కునుకును కాసేపు వాయిదా వేయగలం కానీ తీర్చలేం. నిద్ర బాకీ నిద్రతోనే తీరుతుంది.

మన దేశం మాటేమిటి? మనకు చట్టం లేదనుకోవద్దు. 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. అది రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్నది. దూర ప్రయాణాల వంటి సందర్భాల్లో 10 గంటలు, వారానికి 54 వరకు అనుమతించింది. ఐదు గంటలు పనిచేశాక కనీసం అరగంట విరామం, ఒకరోజు పనికీ మరునాటి పనికీ నడుమ వరుసగా 9 గంటల విశ్రాంతి ఉండాలన్నది. పనిగంటలంటే చక్రం తిరిగిన గంటలే కాదని, లోడు ఎక్కించడం, దించడం, బండి మరమ్మతు, లెక్క అప్పజెప్పడం కూడా పనేనని స్పష్టంగా చెప్పింది. అయితే ఐదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే అది వర్తించేది. ఒకటి రెండు లారీల యజమానులే ఎక్కువగా ఉన్న మన దేశంలో ఆ గీత అవతల ఎంతమంది మిగిలిపోయారో ఊహించుకోవచ్చు.

ఆ చట్టం ఇప్పుడు విడిగా లేదు. 2020లో పార్లమెంటు చేసిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో అది కలిసిపోయింది. ఆ కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. రోజుకు 8 గంటల పని, వారానికి ఒక సెలవు, అదనపు పనికి రెట్టింపు వేతనం అన్న సూత్రాలు అందులోనూ ఉన్నాయి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 91వ సెక్షను కూడా ఉంది. డ్రైవరు పనిగంటలను ముందుగానే నిర్ణయించి నమోదు చేయమని యజమానులను ఆదేశించే అధికారాన్ని అది రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. అలా నమోదైన గంటలు దాటి పనిచేయకూడదు, చేయించకూడదు అని కూడా చెప్పింది.

కాబట్టి మనకు లోపించింది నియమం కాదు, నమ్మదగిన నమోదు. మన మామూలు సరుకు లారీలకు టాకోగ్రాఫ్ తప్పనిసరి కాదు. 2019 జనవరి నుంచి కొత్త బస్సులు, టాక్సీల వంటి ప్రయాణికుల వాహనాలకు బండి ఎక్కడుందో తెలిపే పరికరం పెట్టాలన్న నిబంధన వచ్చింది. అది మంచిదే. కానీ బండి ఎక్కడుందో తెలిస్తే చాలదు. స్టీరింగ్ వెనక ఎవరున్నారు, అతను నిన్న ఎన్ని గంటలు పడుకున్నాడు అన్నది ఆ పరికరం చెప్పదు. 2021 సెప్టెంబరులో కేంద్ర రోడ్డు రవాణా మంత్రి నితిన్ గడ్కరీ, విమాన పైలట్లకు ఉన్నట్టే లారీ డ్రైవర్లకూ నడిపే గంటలు నిర్ణయించాలని అన్నారు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకు ఏసీ ఉండాలన్న నిబంధన వచ్చింది. ఇవన్నీ డ్రైవరును మనిషిగా చూసే దారిలో వేసిన అడుగులే. గంటల నమోదు అడుగు ఇంకా మిగిలి ఉంది.

ఇక ఆ కుటుంబం కథకు వద్దాం. ఆ రోజు నేను ఆమెను అడిగాను, "ఆయన చొక్కా, సంచీ ఇంటికొచ్చాయా? అందులో చీటీలేమైనా ఉన్నాయా?" అని. ఖర్చుల లెక్క అప్పజెప్పాలి కనుక డ్రైవర్లు టోల్ చీటీలు పారేయరు. ఆమె ఒక ప్లాస్టిక్ సంచీ తెచ్చింది. ముడతలు పడి, కొన్నిటికి నెత్తురు మరకలంటి, చిన్న చిన్న కాగితాలు. వాటిని మా ఇంటి వరండాలో నేలమీద పరిచి, గంటల వరుసలో పేర్చాం. వాళ్ల అమ్మాయి అంకెలు చదివింది, నేను రాసుకున్నాను. పుణెలో సాయంత్రం 6 గంటలకు తూకం వేసిన కాటా చీటీ. కొల్హాపూర్ దగ్గర అర్ధరాత్రి 12. బెళగావి దగ్గర తెల్లవారుజామున 3. హుబ్బళ్లి దగ్గర ఐదున్నర. దావణగెరె దగ్గర తొమ్మిదిన్నర. ప్రమాదం జరిగింది 11 గంటలకు.

ట్రిప్ షీటు ప్రకారం ఆయన రాత్రి 10 గంటలకు బెళగావిలో నిద్రపోతున్నాడు. చీటీల ప్రకారం ఆ సమయానికి కొల్హాపూర్ కూడా చేరలేదు. ఏ రెండు చీటీల నడుమ చూసినా ఒక కునుకు తీసేంత ఖాళీ లేదు. ఆసుపత్రిలో ఆయన్ని అడిగితే, పుణెలో ఉదయం 8 నుంచి హమాలీలతో పాటు తానూ నిలబడి లోడు ఎక్కించానన్నాడు. అంటే 27 గంటలు. "మరునాడు మధ్యాహ్నంలోగా దిగాలన్నారు అయ్యోరా, ఏం చేసేది" అన్నాడు.

నేను చేసిందల్లా ఆ గంటలను ఒక పట్టికగా రాయడమే. చీటీల నకళ్లతో కలిపి ఒక వకీలు ద్వారా దాన్ని ఆ సంస్థకు పంపించాం. జీతంలో మినహాయింపు మాట మళ్లీ రాలేదు. ఆసుపత్రి ఖర్చులు ఇచ్చారు. కాలు మాత్రం పూర్వంలా కాలేదు. ఆయన మళ్లీ లారీ ఎక్కలేదు. ఆగి ఉన్న లారీలో మనుషులెవరూ లేకపోవడం ఒక్కటే అదృష్టం. ఆ చీటీలు నెత్తుట్లో పూర్తిగా తడిసిపోయి ఉంటేనో, ఆసుపత్రిలో ఎవరో ఊడ్చి పారేసి ఉంటేనో, ఆ అందమైన చేతిరాతే నిజమై నిలబడేది. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ భయం వేస్తుంది.

నా తప్పు ఒకటి కూడా చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, ఒక వారం హాజరు రోజూ వేయకుండా శనివారం ఒక్కసారే వేశాను. జ్వరంతో మంచం పట్టిన పిల్లవాడికి కూడా హాజరు పడింది. ప్రధానోపాధ్యాయులు చూసి, "వాడికి ఏమైనా జరిగి ఉంటే, ఆ రోజు బడిలోనే ఉన్నాడని నీ పట్టీ చెప్పేది" అన్నారు. తరువాత రాసిన లెక్క ఎందుకు ప్రమాదకరమో నాకు ఆనాడు తెలిసింది.

అందుచేత డ్రైవరు సోదరులకు నా విన్నపం. యంత్రం వచ్చేదాకా ఆగవద్దు. ఒక చిన్న నోటు పుస్తకం క్యాబిన్‌లో పెట్టుకోండి. తేదీ, బండి నంబరు, పని మొదలుపెట్టిన చోటు, సమయం, నడిపిన గంటలు, లోడు కోసం కాచుకున్న గంటలు, పడుకున్న సమయం, లేచిన సమయం, మీటరు అంకె రాయండి. ఎప్పటిదప్పుడే రాయండి, నడుస్తున్న బండిలో మాత్రం వద్దు. తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన సరిదిద్దండి, చెరిపేయవద్దు, పేజీ చింపవద్దు. రాయడం రాకపోతే ఆ నాలుగు బొమ్మలు వేసినా చాలు. రోజూ ఆ పేజీని ఫోటో తీసి ఇంటికి పంపండి. కాటా చీటీలు, డీజిల్ బిల్లులు జాగ్రత్త చేయండి. ఖాళీ కాగితం మీద సంతకం అడిగితే, తేదీ వేసి, ఖాళీలు కొట్టేసి గానీ పెట్టవద్దు. ఒక్కరే కాదనలేకపోతే నలుగురు కలిసి అడగండి.

యజమానులకు కూడా ఒక మాట. బత్తా ట్రిప్పుకు కాకుండా రోజుకు కట్టండి. ఎక్కడ పడుకోవాలో లోడు ఎక్కించేటప్పుడే నిర్ణయించండి. లారీకి డీజిల్ లెక్క రాస్తారు, టైరు లెక్క రాస్తారు. నడిపే మనిషి నిద్ర లెక్క రాయడానికి ఇంకొక్క గడి చాలు.

ఆ అమ్మాయి చదువు ముగించి ఇప్పుడు ఒక ఆఫీసులో లెక్కలు రాసే పని చేస్తోంది. మొన్న కనిపించినప్పుడు, "సార్, మా దగ్గర ఎవరి చేతా ఖాళీ వోచరు మీద సంతకం పెట్టించను" అంది. నాకు అంతకంటే ఏం కావాలి!

 ఈ రాత్రి రోడ్డు మీదున్న డ్రైవర్లందరూ క్షేమంగా ఇల్లు చేరాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను. నమస్కారం.